యీషున్ నుంచి ఐస్ ఖబర్

పోయిన నెల సింగపూర్‌లోని యీషున్‌లో కరీం అంకుల్ వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీయగానే మొదట తగిలింది చింతపండు, మెంతులు కలిసి ఉడుకుతున్న వాసన. ఆ వాసనకు కాళ్లు వాటంతట అవే ఎడమకు తిరిగాయి. అటువైపు చిన్న గది ఒకప్పుడు నాది. రెండేళ్లు అందులో అద్దెకున్నాను. ఇప్పుడు అక్కడ సనా కుట్టుమిషను, ఆమె పిల్లల సైకిళ్లు ఉన్నాయి. సనా అంకుల్ కూతురు. నేను ఆ గదిలో ఉన్నప్పుడు రెండు జడలు వేసుకుని స్కూలుకు వెళ్లేది. బీరువా పైనుంచి పొడుగాటి నోటుపుస్తకం ఒకటి దించి, "అన్నా, దిస్ వన్ యు నో, రైట్?" అంది. ఎర్ర అట్ట, మూలలకు ప్లాస్టరు. తెలియకపోవడమేమిటి? నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన అతిపెద్ద తప్పు ఆ పుస్తకంలో ఏ వరుసలో ఉందో కళ్లు మూసుకుని చూపించగలను.

అప్పట్లో సింగపూర్‌లో ప్రతి వారం విమానం నిండా ప్రోగ్రామర్లు దిగేవాళ్లం. మాది తణుకు. చేతిలో ఆఫర్ లెటరు, పెట్టెలో ఆవకాయ, తలలో రెండు కంప్యూటర్ భాషలు. నాకు జాబితాల పిచ్చి ఉండేది. అద్దె గది కోసం వెతికినప్పుడు కూడా స్టేషన్‌కు దూరం, వంటగది వాడుకోవచ్చా లేదా, కిటికీ దిక్కు, ఇలా తొమ్మిది అంశాలకు మార్కులు వేసుకుని తిరిగాను. కరీం అంకుల్ ఇంటికి మంచి మార్కులేమీ రాలేదు. కానీ నేను వెళ్లింది ఒక శనివారం పొద్దున. హాల్లో ఫ్యాను తిరుగుతున్నా బనియను తడిసిపోయే ఉక్కలో, యాభై దాటిన మనిషి ఒకాయన ఫోను చెవికి ఆనించుకుని, "ఔర్ బరఫ్? సఖ్త్ హై యా నరమ్?" అని, అంటే మంచు గట్టిగుందా మెత్తగుందా అని, హిందీలో అరుస్తూ ఎర్ర అట్ట పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. పక్కన నఫీసా ఆంటీ కొత్తిమీర తుంచుతూ నావైపు చూసి, "పరేషాన్ కాకు బేటా. మా ఆయన ఈడ కూసొని ఆడ చలికి వణుకుతడు" అంది. మార్కుల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

అంకుల్ సెంబవాంగ్ దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో రిఫ్రిజిరేషన్ ఇంజనీరు. చేపలు, రొయ్యలు గడ్డకట్టించి దాచే చోటు అది. సింగపూర్ రాకముందు, ఉద్యోగంలో చేరిన కొత్తలో, హైదరాబాద్‌లోని కంపెనీ తరఫున హిమాచల్‌లో ఒక లోయలో ఆపిల్ పండ్ల కోల్డ్ స్టోరేజీ కట్టడానికి ఒక వేసవంతా అక్కడ ఉన్నారట. అక్కడ తనతో పనిచేసిన తాషీ అనే కుర్రవాడితో స్నేహం కుదిరింది. లోయకు పైనున్న ఊళ్లో మూడు జలపాతాలు. చలికాలంలో అవి నిలువునా గడ్డకడతాయని, వాటిని గొడ్డళ్లతో, బూట్లకు ముళ్లు కట్టుకుని ఎక్కేవాళ్లు వస్తారని తాషీ చెప్పాడు. అంకుల్ వేసవిలో చూసింది పారే నీళ్లనే. నీళ్లను గడ్డకట్టించడమే వృత్తి అయిన మనిషికి, యంత్రం లేకుండా, తనంతట తానే గడ్డకట్టే అంత నీటిని చూడాలని ఎంత కోరిక ఉంటుందో ఊహించండి. కానీ సెలవు దొరికినప్పుడు డబ్బు లేదు, డబ్బున్నప్పుడు మోకాలు లేదు. అందుకని ఫోను చేసేవారు. తాషీ ఈలోగా టీ కొట్టు పెట్టుకున్నాడు, దాన్లో ఎస్టీడీ బూత్ కూడా.

శనివారం క్రమం ఏ వారమూ తప్పలేదు. అక్కడ తొమ్మిదయ్యేసరికి, అంటే ఇక్కడ పదకొండున్నరకు, తాషీ జలపాతాల దాకా నడిచివెళ్లి తిరిగొచ్చేవాడు. ప్రతిదాని మొదట్లో ఇనుప చువ్వ దించి, ఎంత దిగిందో జానతో కొలిచేవాడు. అంకుల్ అడిగేది ఎప్పుడూ అవే ప్రశ్నలు, అదే వరుసలో. రంగేమిటి, కొడితే చప్పుడెలా ఉంది, లోపల నీళ్లు పారుతున్నాయా, మందం ఎన్ని జానలు. జవాబులు ఉర్దూలో రాసుకునేవారు. నాకు ఉర్దూ రాదు. పుస్తకంలోని సంగతులు టైపు చేసే పని నాకు అప్పగించాక, అంకెలు కాక అవసరమైన నాలుగు మాటల రూపాలు మాత్రం నేర్పారు; మిగతావి ఇంట్లోవాళ్లు చదివి చెప్పేవారు. గట్టి, మెత్త, డొల్ల. నాలుగోది 'నై దేఖా', అంటే చూడలేదు. ఈ నాలుగు మాటల్నీ బొమ్మలను గుర్తుపట్టినట్టు గుర్తుపట్టేవాణ్ని.

మంచు కబుర్లు అయ్యాక రెండో భాగం మొదలయ్యేది. నిజానికి అంకుల్ కంఠంలో హుషారు పెరిగేది అక్కడే. ఎవరి చౌరీ, అంటే జడలబర్రె సంకరం ఆవు, ఈనింది, పై ఇంటి తాతకు దగ్గు తగ్గిందా, వంతెన దగ్గర రోడ్డు తీశారా, పశువుల డాక్టరు పైకొచ్చాడా, ఎవరింట పెళ్లి, స్కూలు టీచరమ్మ కిందికి దిగిందా లేదా. అన్నీ రాసుకునేవారు. ఎవరి ఫోను నంబరు దొరికినా పుస్తకం వెనక అట్ట మీదికి ఎక్కేది. ఈ సమాచారమంతా కలిపి 'ఐస్ ఖబర్' అని మొదట్లో చేత్తో రాసి ఫ్యాక్సు పంపేవారు. నేనొచ్చాక అది ఈమెయిలు అయింది, తర్వాత నేనే ఒక వెబ్ పేజీ కట్టాను. చదివేవాళ్లు యాభైమందికి మించరు. సింగపూర్, కౌలాలంపూర్, బెంగుళూరుల్లో కొండలెక్కే పిచ్చి ఉన్నవాళ్లు. పేజీ కట్టేటప్పుడు ఊరి వార్తలు తీసేద్దామన్నాను. "అవి డేటా కాదు కదండీ అంకుల్."

ఆయన కళ్లజోడు పైకి తోసుకున్నారు. "శేఖర్ మియా, ఆ పోరగాళ్లు ఎక్కనీకి పోతరు. ఎవరింటి ముంగటికెళ్లి పోతున్నరో తెల్వాలె గద? ఇంట్ల ఎవరన్న పోతే, ముంగట బూట్లు టకటకలాడిచ్చుకుంట నవ్వుకుంట పోతరా?"

తీయలేదు. కానీ పేజీలో కిందికి నెట్టాను, చిన్న అక్షరాల్లో.

ఆ ఎక్కే పోరగాళ్లలో ముఖ్యుడు వేణు. ఆంగ్ మో కియోలో ఉండేవాడు, బ్యాంకులో పని, గుంటూరు మనిషి, నోరు పెద్దది. వాళ్లు నలుగురు. కొండ అనదగ్గది లేని ఊళ్లో కొండకు తయారయ్యే పద్ధతి ఒక్కటే. వీపున నీళ్ల సీసాల సంచి కట్టుకుని మా పన్నెండంతస్తుల బ్లాకు మెట్లు ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. ఏడో అంతస్తు చైనీస్ ఆంటీ ప్రతి వారం తలుపు తెరిచి జాలిగా, "అయ్యో, లిఫ్ట్ స్పాయిల్ అగెయిన్ ఆ?" అని అడిగేది. మొదటి నెల వేణు వివరించాడు. తర్వాత వివరించడం మానేసి, "యెస్ ఆంటీ, వెరీ జాలత్ లా" అని, అంటే మహా ఘోరమని ఒప్పుకుని, పైకి పోయేవాడు.

ఆదివారాలు మాత్రం అంకుల్‌వి. కోల్డ్ స్టోరేజీలో వాడకం ఆగిన పాత గది ఒకటుండేది. యజమానిని ఒప్పించి, కప్పు నుంచి చేపల వల ఒకటి వేలాడదీసి, పైన సన్నని గొట్టంతో చుక్కలు చుక్కలుగా నీళ్లు వదిలి, తొమ్మిది రోజుల్లో రెండు నిలువుల మంచు స్తంభం పెంచారు. రోజూ డ్యూటీ దిగేముందు వెళ్లి గొట్టం కాస్త ఇటు, కాస్త అటు జరిపి వచ్చేవారు, పాదుకు నీళ్లు పెట్టినట్టు. సింగపూర్‌లో మంచు ఎక్కడం నేర్చుకున్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. మేమైతే అక్కడే నేర్చుకున్నాం. అమోనియా వాసన, రొయ్యల వాసన, అరువు తెచ్చుకున్న ఉన్ని కోట్లు. బయటికి రాగానే కళ్లజోళ్లు తెల్లబడి ఏమీ కనిపించేది కాదు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని గుడ్డివాళ్లలా వరుసగా నిలబడేవాళ్లం. నేను మొదటిసారి గొడ్డలి వేసినప్పుడు మంచు పెంకులుగా రాలింది. అంకుల్ నా చేతిలోంచి గొడ్డలి తీసుకుని, దాని పిడితో స్తంభాన్ని ఒకచోట తట్టారు. ఠక్కుమంది. జానెడు పక్కన తట్టారు. బోలుగా, ఖాళీ డబ్బాలా మోగింది. "కంటికి రెండు ఒక్కతీరే ఉన్నయి. చెవిని అడుగు" అన్నారు. ఆ మోకాలితో ఆయన తను పెంచిన స్తంభాన్ని ఒక్క అడుగైనా ఎక్కలేదు. కింద నిలబడి, అందరి గొడ్డళ్ల చప్పుళ్లూ వింటూ, "వేణూ, ఎడమకు వద్దు, ఆడ డొల్ల" అనేవారు.

ఇక నా తప్పు. పేజీలో ప్రతి జలపాతానికీ ఒక వరుస, మందానికి ఒక గడి. జానలను సెంటీమీటర్లు చేయడానికి తాషీ జాన ఎంతో ఫోనులో అడిగి మరీ రాసుకున్నాను. అంత ఖచ్చితత్వం నాది. ఆ గడిలోకి అంకెలు తప్ప అక్షరాలు పోకుండా కట్టాను. శుభ్రంగా ఉండాలి కదా. కానీ కొన్ని వారాలు తాషీ ఏదో ఒక జలపాతం దాకా వెళ్లలేకపోయేవాడు. అప్పుడు గడి ఖాళీగా మిగిలి, పట్టిక పళ్లూడిన నోరులా కనిపించేది. నాకది నచ్చలేదు. ఒక మధ్యాహ్నం కూర్చుని మూడు లైన్ల ప్రోగ్రాము రాశాను. పంపేటప్పుడు గడి ఖాళీగా ఉంటే పోయిన వారం అంకె తెచ్చి పెట్టు. పట్టిక నిండుగా, అందంగా తయారైంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సినంత పని అనిపించలేదు.

ఆ శీతాకాలం వేణు బృందం 'పెద్దది' ఎక్కడానికి సెలవులు పెట్టింది. మూడింట్లో అదే ఎత్తు. వాళ్లు బయల్దేరే ముందు శనివారం అంకుల్ తాషీతో మాట్లాడి, పుస్తకంలో రాసి, ఇంకా కలం మూయకముందే కోల్డ్ స్టోరేజీ నుంచి ఫోను వచ్చింది. కంప్రెసరు ఆగిపోయింది. మామూలుగా పంపే ముందు ప్రతి అక్షరం ఆయన చూసేవారు. ఆ రోజు చెప్పులు తొడుక్కుంటూ, "నువ్వే పంపు మియా, నీ మీద భరోసా ఉంది" అని వెళ్లిపోయారు. పెద్దదాని ఎదుట మందం గడిలో నాకు తెలిసిన ఆ నాలుగో బొమ్మ ఉంది. నై దేఖా. నా పేజీ అక్షరాలు ఒప్పుకోదు కాబట్టి గడి వదిలేసి, కింద ఊరి వార్తలు సనా చదివి చెబుతుంటే టైపు చేసి, పంపు అని నొక్కాను. మూడు లైన్ల సంగతి ఆ క్షణాన గుర్తే రాలేదు. వేణు ఆ సాయంత్రమే ఫోను చేశాడు. "నలభై సెంటీమీటర్లట్రా! ఇంకేం గావాలి. రేపు ఫ్లైటెక్కేస్తున్నాం."

అంకుల్ వరసగా ఆ రోజు, మర్నాడు కోల్డ్ స్టోరేజీలోనే ఉండిపోయారు. సోమవారం సాయంత్రం స్నానం చేసి అన్నం ముందు కూర్చున్నారు. ఆంటీ ఖట్టీ దాల్ వడ్డిస్తోంది. ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించిన ఆ వారం ఖబర్ ప్రింటు తీసుకుని, అలవాటు ప్రకారం కింది నుంచి, అంటే ఊరి వార్తల నుంచి మొదలుపెట్టారు. 'పై ఇంటి తాత పోయారు. ఊరంతా మూడు రోజులుగా వాళ్లింటి దగ్గరే ఉంది. వారం నుంచి ఎండ ఎక్కువ.' చదువుతూ పైకి వచ్చారు. చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"శేఖర్ మియా. ఊరంత మయ్యత్ కాడ ఉంటే ఐస్ ఎవరు కొలిచిండ్రు?"

నేను కుర్చీలోంచి లేచాను. ఎందుకు లేచానో తెలియదు. మూడు లైన్ల సంగతి చెప్పాను. సనా చెంచా కింద పెట్టి, "ఓ మై గాడ్, వేణు అన్న దే ఆల్" అని ఆపేసింది. అంకుల్ తిట్టలేదు. ఒక్క ప్రశ్న అడిగారు. "వాళ్లు ఊరికి ఎప్పుడు ముడతరు?"

"బుధవారం పొద్దున అండీ. దారిలో వాళ్లకు ఫోను ఉండదు."

ఆయన చెయ్యి కడుక్కుని తాషీ నంబరు తిప్పారు. లైను లేదు. మంగళవారం సెలవు పెట్టారు, నేనూ పెట్టాను. గంట గంటకూ తిప్పాం. పై లోయ లైను ఎక్కడో తెగింది. అప్పుడు పుస్తకం తిరగేసి వెనక అట్ట తెరిచారు. నేను చెత్త అనుకున్న నంబర్లన్నీ అక్కడ బారుగా ఉన్నాయి. పోస్టాఫీసు, రోడ్డు పనివాళ్ల క్యాంపు, టీచరమ్మ పుట్టిల్లు. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పలకరిస్తూ, ముందు వాళ్ల ఇంట్లోవాళ్ల క్షేమం అడిగి, తర్వాతే సంగతి చెప్పారు. ఇంత తొందరలో ఈ పలకరింపులేమిటి అనుకున్నాను. కానీ అవతలివాళ్లు ఒకరి నంబరు ఒకరు ఇస్తూ పోయారు. మధ్యాహ్నం నాలుగుకు పశువుల డాక్టరు దొరికాడు. మర్నాడు తెల్లారగానే జీపులో పైకి వెళ్తున్నాడు, అదే ఊరికి, ఈనబోయే ఆవు కోసం. అంకుల్ అతనితో మూడుసార్లు చెప్పించుకున్నారు. "మందం ఎవరూ చూడలేదు. కాగితంలో అంకె తప్పు. ఎక్కేముందు తాషీని తీసుకుపోయి కొట్టి వినండి. కరీం చెప్పాడని చెప్పు."

బుధవారం ఏ కబురూ లేదు. ఆఫీసుకు వెళ్లాను కానీ ఏం చేశానో గుర్తులేదు. నలభై అనే అంకె మాత్రం ప్రతి స్క్రీను మీదా కనిపించింది. గురువారం పొద్దున ఫోను మోగింది. అంకుల్ తీసి, నాకూ వినపడేలా చెవికి కాస్త దూరంగా పట్టుకున్నారు. కింది ఊరి పోస్టాఫీసు నుంచి వేణు.

"అంకుల్, మేం తాళ్లు కడుతుండగా డాక్టరుగారు వచ్చి పట్టుకున్నారండీ. తాషీ భాయ్, నేనూ వెళ్లి కొట్టాం. కంటికి మాత్రం భలే ఉంది, నీలంగా. లోపలంతా డొల్ల. వెనకాల నీళ్లు పారతన్న చప్పుడు కూడా వినపడింది. ఎక్కలేదండీ." ఆ వెంటనే, "ఆ శేఖర్‌గాడు పక్కనున్నాడా? వాడి కంప్యూటరు వచ్చి కొలుచుకెళ్లిందా ఏంటో కనుక్కోండి" అన్నాడు.

అంకుల్ నవ్వి ఫోను పెట్టేశారు. తర్వాత కుర్చీలో కూర్చుని, రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. ఆంటీ టీ తెచ్చి పక్కన పెట్టి, ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

ఆ శనివారం ఖబర్ మొదటి వాక్యం అంకుల్ చెప్పి నాతో టైపు చేయించారు. 'పోయిన వారం పెద్ద జలపాతం మందం ఎవరూ చూడలేదు. చూసినట్టు రాశాను. తప్పు నాది. కరీం.' నేను ఒప్పుకోలేదు, నా పేరు పెడతానన్నాను. "కింద పేరు ఎవరిది? నాది. పంపేటోడు నువ్వైనా, చదివేటోడు నమ్మేది ఆ పేరును" అన్నారు. నాకు ఆయన వేసిన శిక్ష ఒక్కటే. ఆ మూడు లైన్లు తీసేసి, పట్టికలో కొత్తగా రెండు గడులు పెట్టమన్నారు. ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు. మందం గడిలోకి అక్షరాలు రానివ్వమన్నారు. ఇక ఆ చలికాలమంతా తాషీకి ఫోను నాతో చేయించారు. ముందు ఊళ్లో అందరి క్షేమం అడగనిదే మంచు మాట ఎత్తనిచ్చేవారు కాదు. రెండు వారాల తర్వాత తాషీ చెబితే నేనే రాసుకున్నాను. పెద్దది, కింది సగం లేదు, రాలిపోయింది.

ఆ తర్వాత ఎన్నో కంపెనీలు మారాను. ఇప్పుడు నా కింద పనిచేసే కుర్రవాళ్లు నాకంటే చురుకైనవాళ్లు. వాళ్ల యంత్రాలు ఖాళీ గడులను నా మూడు లైన్లకంటే ఎంతో తెలివిగా, నమ్మకంగా నింపుతాయి. నేను ప్రతి పట్టిక దగ్గరా ఆగి, ఇది ఎవరు చూశారు అని అడుగుతాను. విసుక్కుంటారు. అప్పటి కంటే ఇప్పుడు తెలిసింది ఎక్కువే, కాదనను. కానీ తెలియదని రాయడానికి సిగ్గుపడనివాళ్లను ఆయన తర్వాత ఎక్కువమందిని చూడలేదు.

పోయిన నెల, సనా చేతిలోని పుస్తకం తీసుకుని ఆ పేజీ తిప్పబోయాను. సనా ఆపి, చివరి పేజీ తెరిచింది. ఖబర్ ఆగిపోయి ఏళ్లయింది. వెబ్ పేజీ మూతపడింది, తాషీ కొట్టు వాళ్లబ్బాయి చేతికి వచ్చింది. అయినా అక్కడ కొత్త సిరాతో ఒక వరుస ఉంది. "లాస్ట్ వింటర్ డాడీ వాంటెడ్ టు గో. సో మీ అండ్ హిమ్, వి జస్ట్ వెంట్ లా" అంది సనా. సోఫాలో నిద్రపోతున్నారనుకున్న అంకుల్ కళ్లు తెరవకుండానే, "ఆఖరి వంద అడుగులు మోకాలు రానియ్యలే మియా. దూరంకెళ్లే జూసిన. బహుత్ ఖూబ్‌సూరత్" అన్నారు. సోఫాలో ఇటు తిరిగి, "ఖబర్ పంపలే ఇంకా. నువ్వుంటివి గద పంపెటోనివి" అన్నారు.

ఆ సాయంత్రం యీషున్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడి, పాత లిస్టుకు ఈమెయిలు రాశాను. సగం చిరునామాలు ఇప్పుడు ఉండవని తెలుసు. సనా చదివి చెప్పిన మాటలన్నీ ఉన్నది ఉన్నట్టు దించాను. ఒక్క గడి మాత్రం ఎవరి సాయమూ లేకుండా నేనే చదివాను.

పెద్దది. చూసినవారు: కరీం, సనా. రంగు: నీలం. మందం: చూడలేదు.